పౌరసత్వం ఎందుకు వదులుకుంటున్నారో అడగండి: విదేశాంగ మంత్రి గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి, విశాఖపట్నం సీతమ్మధార నివాసి, రిటైరైన ఉద్యోగి నమస్కరించి వ్రాయునది.

2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది, 2024లో 2,06,378 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని పార్లమెంటుకు మీ శాఖే తెలియజేసింది. ఈ లెక్క బయటికి వచ్చిన ప్రతిసారీ టీవీల్లో దేశభక్తి మీద రెండు రోజులు వాదోపవాదాలు నడుస్తాయి, ఆ తర్వాత ఎవరి పనిలో వారు పడతారు. కారణం ఏమిటని సభ్యులు అడిగితే, వ్యక్తిగత సౌలభ్యం కోసం వెళ్తున్నారన్నది ప్రభుత్వం ఇచ్చిన సమాధానం. అది అబద్ధం కాదు. కానీ ఆ సౌలభ్యం దేనికోసమో ఆరా తీసినట్టు మాత్రం కనిపించదు. నా ఎరుకలో ఉన్న కుటుంబాల్లో చాలామంది భారత పౌరసత్వం వదులుకున్నది భారతదేశానికి వచ్చి ఉండటానికే. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇది నిజం.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఒక్కో దేశానికి ఏడు శాతం అన్న పరిమితి వల్ల అమెరికాలో మనవారి గ్రీన్‌కార్డు వరుస ఏళ్ల తరబడి కదలదు. అంత నిరీక్షణ తర్వాత చేతికొచ్చిన ఆ కార్డును ఎవరూ పోగొట్టుకోదలచరు. ఆరు నెలలు దాటి బయట ఉంటే తిరిగి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో సంజాయిషీ చెప్పుకోవాలి. ముందుగా అనుమతి తీసుకోకుండా ఏడాది దాటితే కార్డుకే ఎసరు. మా ఇంటావిడకు పక్షవాతం వచ్చినప్పుడు అమ్మాయి వచ్చింది గానీ, ఫిజియోథెరపీ ఒక దారిన పడకముందే గడువు గుర్తు చేసుకుని తిరుగు ప్రయాణం కట్టాల్సి వచ్చింది. గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి తల్లిదండ్రులను అక్కడికి రప్పించుకునే దారీ లేదు, పౌరులకే ఉంది. అమెరికా పౌరసత్వం, దానితోపాటు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే ఆమె ఇక్కడ ఎన్నాళ్లయినా ఉండవచ్చు. అలా ఆలోచించే ఆమె అమెరికా పౌరురాలిగా ప్రమాణం చేసింది. రద్దు ముద్ర వేసి, మూల కత్తిరించి తిరిగిచ్చిన ఆమె పాత పాస్‌పోర్టు ఇప్పుడు మా బీరువాలో ఉంది. జారీ చేసిన చోటు విశాఖపట్నం అన్న అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ పాస్‌పోర్టును అప్పగించమని ఆమెను అడిగింది అమెరికా కాదు. రాజ్యాంగంలోని 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం మరో దేశ పౌరసత్వం స్వచ్ఛందంగా పొందిన క్షణంలోనే మన పౌరసత్వం పోతుంది. దాన్ని మార్చమని నేను కోరడం లేదు. ఒకే మనిషి రెండు దేశాల్లో ఓటు వేయడం నాకూ సబబుగా తోచదు.

పౌరసత్వం నిలుపుకున్నవారి సంగతీ చూడండి. సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్లు ఇరవై ఏళ్లు పనిచేసినా ఆ దేశాలు వారికి సాధారణంగా పౌరసత్వం ఇవ్వవు కనుక వారు భారతీయులుగానే ఉంటారు. అందులో వారి ఎంపిక ఏమీ లేదు. ఎంపిక ఉండి కూడా వద్దనుకున్న మా మేనల్లుడికి చోడవరం దగ్గర కాస్త పొలం కొనాలని ఉంది. ఓసీఐ కార్డుదారుకు వ్యవసాయ భూమి వారసత్వంగా రావచ్చు గానీ కొనే హక్కు లేదు. అతడికి అంతకన్నా పెద్ద అనుమానం మరొకటుంది: ఈ కార్డును ఎంతవరకు నమ్మవచ్చు?

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 2006లో హైదరాబాద్ ప్రవాసీ భారతీయ దివస్‌లో తొలి కార్డులు అందించినప్పుడు జీవితాంతం వీసా అవసరం లేదన్నారు. 2020 మార్చి 13 నుంచి ఆ సౌకర్యాన్నే నిలిపివేశారు. విదేశాల్లో చిక్కుకున్నవారిని తెచ్చే వందే భారత్ విమానాలు మే 7న మొదలైనా, ఓసీఐలలో కొన్ని వర్గాలకు సడలింపు మే 22న గానీ రాలేదు. మహమ్మారి కాలంలో ఆంక్షలు తప్పవు, కానీ ఇక్కడ ఒంటరిగా ఉన్న తల్లిదండ్రుల బిడ్డలను పర్యాటకులతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ వైద్య విద్యలో ఓసీఐ కార్డుదారులను ఎన్నారై సీట్లకే పరిమితం చేసింది. అంతకుముందే కార్డు పొందినవారికి అది వర్తించదని 2023లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మా ఊళ్లో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు ఉంది. 1962లో బర్మాలో సైన్యం అధికారం చేపట్టాక వేల భారతీయ కుటుంబాలు ఉన్నదంతా వదులుకుని స్వదేశానికి తిరిగొచ్చాయి. ఉంటున్న దేశంలో పౌరుడు కాకపోతే ఏమవుతుందో ఈ ఊరికి ఒకరు చెప్పనక్కరలేదు. పిల్లలు అక్కడ పౌరసత్వం తీసుకుంటామంటే ఇక్కడి పెద్దలు అడ్డు చెప్పకపోవడానికి అదీ ఒక కారణమే.

కాబట్టి పాస్‌పోర్టు అప్పగించేవారిని కారణం అడగండి, పేర్లు లేకుండా ఆ వివరాలను ఏటా ప్రచురించండి. ఓసీఐ హక్కులు నోటిఫికేషన్‌తో వచ్చి నోటిఫికేషన్‌తో పోయేవిగా కాక, చట్టంలోనే ఉండేలా చూడండి. తల్లిదండ్రుల అనారోగ్యం, మరణం వంటి సందర్భాల్లో ఏ అత్యవసర పరిస్థితిలోనైనా ప్రవేశం ఆగకూడదని అందులోనే రాయండి. ఐదేళ్లు ఓసీఐగా ఉండి, ఏడాది ఇక్కడ నివసించినవారు మళ్లీ భారత పౌరులయ్యేందుకు పౌరసత్వ చట్టంలోని 5వ సెక్షన్ దారి చూపుతోంది. ఆ దరఖాస్తుపై నిర్ణయానికి ఒక గడువు పెట్టండి.

ఓసీఐ వ్యవహారం హోం శాఖది కనుక ఈ లేఖ ప్రతిని వారికి కూడా పంపుతున్నాను. ఇది మా పరిధి కాదని రెండు శాఖలూ జవాబివ్వవని ఆశిస్తున్నాను.

ఇట్లు,
సీతమ్మధార నివాసి,
విశాఖపట్నం