డెలిగేట్ల జాబితా ముందే బయటపెట్టండి, ఖర్గే గారూ

కాంగ్రెస్ అధ్యక్షులు శ్రీ మల్లికార్జున ఖర్గే గారికి,

నమస్కారం.

మీ ఐదేళ్ళ పదవీకాలం 2027 అక్టోబరులో పూర్తవుతుంది. మళ్ళీ మీరే నిలబడతారా, ఇంకొకరు వస్తారా, అలవాటు ప్రకారం ఎంపికను హైకమాండ్‌కే వదిలేసే ఏకవాక్య తీర్మానంతో సరిపెడతారా అన్నది మీ పార్టీ ఇష్టం. నాకు పార్టీలో పదవి లేదు, నేను డెలిగేట్‌ను కాను. కాంగ్రెస్‌కు ఓటేసినవాణ్ణి, కొన్నిసార్లు వెయ్యనివాణ్ణి కూడా. అడగదలచుకున్నది ఒక్కటే. ఈసారి నామినేషన్లు మొదలయ్యే లోపే, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటర్లయిన పీసీసీ (ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీ) డెలిగేట్ల జాబితా మొత్తం, పేరూ బ్లాకూ (పార్టీ స్థానిక విభాగం) జిల్లాతో సహా, పార్టీ వెబ్‌సైట్‌లో పెట్టించండి.

ఇంత చిన్న కోరికకు బహిరంగ లేఖా అనుకోకండి. మీరూ శశి థరూర్ గారూ పోటీపడ్డ 2022 అధ్యక్ష ఎన్నికకు ముందు ఇదే అడిగినందుకు ఐదుగురు ఎంపీలు అసమ్మతివాదులన్న ముద్ర వేయించుకున్నారు. శశి థరూర్, మనీశ్ తివారీ, కార్తీ చిదంబరం, ప్రద్యుత్ బొర్దొలాయ్, అబ్దుల్ ఖాలిక్ కలిసి పార్టీ ఎన్నికల అథారిటీ చైర్మన్ మధుసూదన్ మిస్త్రీ గారికి ఉత్తరం రాశారు. ఓటర్లెవరో తెలియకుండా ఎన్నిక సక్రమంగా జరిగిందని ఎలా నమ్మాలన్నదే దాని సారం. అభ్యర్థులు ఢిల్లీలో మా ఆఫీసుకొచ్చి చూసుకోవచ్చు, డెలిగేట్లు తమ రాష్ట్రం జాబితాను పీసీసీ ఆఫీసులో చూసుకోవచ్చు అని మిస్త్రీ గారు జవాబిచ్చారు. క్లబ్బు ఎన్నికల్లో కూడా ఇలా ఉండదని తివారీ గారు విసుక్కున్నారు. నేనైతే ఇంకో మాట కలుపుతాను. ఏ జిల్లా నుంచో వచ్చిన మామూలు డెలిగేటు హైదరాబాద్‌లోని పీసీసీ ఆఫీసు గాంధీభవన్‌లో అడుగుపెట్టి ‘జాబితా చూపించండి’ అంటే, ఆ సాయంత్రానికే ఇతనెవరి మనిషన్న ఆరా మొదలవుతుంది. చూడొచ్చని చెప్పడం వేరు, భయం లేకుండా చూడగలగడం వేరు.

ఆ తర్వాత థరూర్ గారి చేతికి జాబితా అందింది గానీ, అందులో చాలామంది ఫోన్ నంబర్లు లేవన్నది ఆయన ఫిర్యాదు. తొమ్మిది వేలకు పైగా ఓటర్లు దేశమంతా చెల్లాచెదురుగా ఉంటే, ప్రచారానికి చేతిలో ఉన్నది రెండు వారాలు చిల్లర. పీసీసీ అధ్యక్షులు, ఇన్‌ఛార్జులు, అధికార ప్రతినిధులు ఎవరి తరఫునా ప్రచారం చెయ్యకూడదని, చెయ్యాలంటే పదవి వదులుకోవాలని మీ అథారిటీయే నిబంధన పెట్టింది. గౌరవ్ వల్లభ్, దీపేందర్ హుడా, నసీర్ హుస్సేన్ అధికార ప్రతినిధులుగా రాజీనామా చేసి మరీ మీ తరఫున తిరిగారు. అది పద్ధతిగా ఉంది. కానీ చాలా రాష్ట్రాల్లో పీసీసీ పెద్దలు మీరు వస్తే సభ ఏర్పాటు చేశారనీ, తాను వెళ్తే అందుబాటులో లేకుండా పోయారనీ థరూర్ గారు బాహాటంగానే అన్నారు. ఆయన సొంత రాష్ట్రం కేరళలో పీసీసీ అధ్యక్షుడు సుధాకరన్ గారు మీకే మద్దతని చెప్పేశారు. నిబంధన కాగితం మీద, హైకమాండ్ మనసు గాలిలో. డెలిగేట్లు ఏది చదువుకుంటారో మీకు తెలియనిది కాదు.

బ్యాలెట్ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా ‘1’ అని రాయమన్నారు. జాబితాలో ఒకటో నంబరు మీది. థరూర్ గారి మనుషులు గొడవపెట్టాక టిక్కు మార్కుగా మార్చారు. ఇందులో కుట్ర ఉందని నేననుకోను, అజాగ్రత్తే ఎక్కువ. ఏళ్ళ తరబడి పోటీయే లేని ఇంట్లో ఎన్నిక పెడితే ఇలాంటివి దొర్లుతాయి.

అక్టోబరు 17న పోలింగ్, 19న లెక్కింపు. మీకు 7,897, ఆయనకు 1,072, చెల్లనివి 416. లెక్కింపు నడుస్తుండగానే ఉత్తరప్రదేశ్ పెట్టెల గురించి ఫిర్యాదు బయటికొచ్చింది. పెట్టెలకు వేసినవి అధికారిక సీళ్ళు కావని, పోలింగ్ చోట సంబంధం లేనివాళ్ళు ఉన్నారని థరూర్ గారి ఏజెంటు సల్మాన్ సోజ్ రాసిన ఉత్తరం అది. మిస్త్రీ గారు ఆరోపణలను కొట్టిపారేశారు. నా ముందు ఒక ముఖం, మీడియా ముందు ఇంకో ముఖం అని దెప్పారు కూడా. ఫిర్యాదు చెయ్యడం ఎన్నికల ఏజెంటు పని. దానికి ముఖాల ప్రసక్తి ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఒక విషయంలో మాత్రం నేను మిస్త్రీ గారి పక్షమే. అన్ని రాష్ట్రాల ఓట్లనూ కలిపేసి లెక్కపెట్టడం మంచి పని. లేకపోతే మర్నాడు ఉదయమే ఫలానా రాష్ట్రంలో థరూర్‌కు పడ్డ ఓట్లు ఎవరివని వేట మొదలయ్యేది. కానీ కలిపాక ఏ పెట్టెలో తేడా ఉందో పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. కాబట్టి సీళ్ళు సరిచూసుకోవడం, పోలైన ఓట్ల లెక్క మీద ఇద్దరు అభ్యర్థుల ఏజెంట్ల సంతకాలు తీసుకోవడం, ఇవన్నీ కలపడానికి ముందే అయిపోవాలి.

ఖర్గే గారూ, జాబితా వెబ్‌సైట్‌లో ఉన్నా మీరే గెలిచేవారు. ఆ సంగతి థరూర్ గారికీ తెలుసు. అందుకే ఫలితం రాగానే మీ ఇంటికొచ్చి అభినందించారు. మీరు 2023 ఆగస్టులో ఆయన్ని, పార్టీలో పెద్ద నిర్ణయాలు తీసుకునే వర్కింగ్ కమిటీలోకి తీసుకున్నారు. ఆ తర్వాత ఆయనకూ పార్టీకీ మధ్య వచ్చిన పేచీలు వేరే కథ. వాటిని చూపించి ఆనాటి 1,072 మందినీ అనుమానించడం న్యాయం కాదు. 2000లో సోనియా గాంధీ గారి మీద నిలబడ్డ జితేంద్ర ప్రసాదకు పడ్డవి 94 ఓట్లు. ఆయన కూడా డెలిగేట్ల జాబితా మీదే మొత్తుకున్నారు. 94 నుంచి 1,072కు వచ్చిందంటే పార్టీలో కాస్త ప్రాణం ఉన్నట్టే లెక్క.

జాబితా మీద అనుమానం నిన్నమొన్నటిది కూడా కాదు. 1939లో మా బందరు డాక్టర్ పట్టాభి సీతారామయ్య గారి మీద సుభాష్ చంద్రబోస్ గెలిచినప్పుడు, పట్టాభి ఓటమి తన ఓటమే అన్న గాంధీజీ, అదే ప్రకటనలో కాంగ్రెస్ రిజిస్టర్ల నిండా దొంగ సభ్యులున్నారని కూడా అన్నారు. మొదటి మాట అందరూ ఉదహరిస్తారు, రెండోది ఎవరికీ గుర్తుండదు. ఆ తర్వాత వర్కింగ్ కమిటీలో ఎక్కువమంది రాజీనామా చేశారు. త్రిపురి మహాసభలో, గాంధీజీ ఇష్ట ప్రకారమే కమిటీని వేసుకోవాలని గోవింద్ వల్లభ్ పంత్ పెట్టిన తీర్మానం నెగ్గింది. ఏప్రిల్ నెలాఖరుకు బోస్ తప్పుకున్నారు. డెలిగేట్లు ఓటేసి గెలిపించినవాడు కూడా నిలవలేకపోయాడు.

1992లో తిరుపతిలో జరిగింది మా కళ్ళముందే. రెండు దశాబ్దాల తర్వాత వర్కింగ్ కమిటీకి నిజమైన ఎన్నిక పెట్టిన ఘనత పి.వి. నరసింహారావు గారిది. గెలిచినవాళ్ళలో అర్జున్ సింగ్, శరద్ పవార్ ఉన్నారు. దళితులూ మహిళలూ ఒక్కరూ గెలవలేదని చెప్పి అందరిచేతా రాజీనామా చేయించి, మళ్ళీ ఆయనే నామినేట్ చేసిందీ పి.వి. గారే. కారణం నిజమైనదే. కానీ సీట్లు ముందే రిజర్వ్ చేసి ఎన్నిక పెడితే సరిపోయేది కదా. 2023 ఫిబ్రవరిలో రాయ్‌పూర్ ప్లీనరీలో మీరు ఆ పనే చేశారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళ, యువతకు సగం సీట్లని నియమావళిలో రాయించారు. అంటే పి.వి. గారికున్న వంక ఇక మీకు లేదు. అయినా అదే రాయ్‌పూర్‌లో వర్కింగ్ కమిటీ ఎన్నిక వద్దని, సభ్యులను మీరే నామినేట్ చెయ్యాలని, అప్పటికి వర్కింగ్ కమిటీ స్థానంలో ఉన్న స్టీరింగ్ కమిటీ తీర్మానించింది. ఈ రెండు నిర్ణయాలూ ఒకే ప్లీనరీలో ఎలా ఇమిడాయో మీరే చెప్పాలి.

ఇక మా వైపు సంగతి. 2022 డిసెంబరులో తెలంగాణ పీసీసీ కమిటీలు ప్రకటించగానే భట్టి విక్రమార్క గారింట్లో సీనియర్లు కూర్చుని, టీడీపీ నుంచి వలస వచ్చినవాళ్ళకే పదవులిచ్చారని మండిపడ్డారు. దానికి జవాబుగా, టీడీపీ నుంచి వచ్చిన సీతక్కతో సహా పలువురు తమ పదవులకు రాజీనామా చేశారు. తగువు తీర్చడానికి దిగ్విజయ్ సింగ్ గారు హైదరాబాద్ రావలసివచ్చింది. ఎవరు అసలు కాంగ్రెస్, ఎవరు వలస కాంగ్రెస్ అన్న ఆ తగువులో ఒక్కరు కూడా, కమిటీల్లో ఉన్నవాళ్ళను ఎవరు ఎన్నుకున్నారని అడగలేదు. ఎన్నుకోలేదని అందరికీ తెలుసు కాబట్టి. పేర్లు ఢిల్లీ నుంచి వచ్చాయి, కోపాలు ఢిల్లీ వైపే వెళ్ళాయి. ఏడాది తిరిగేసరికి 64 సీట్లతో అధికారం వచ్చింది, రెండు వైపులవాళ్ళూ ఒకే క్యాబినెట్‌లో కూర్చున్నారు. గెలుపు ఆ ప్రశ్నను కప్పేసింది, అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో కప్పడానికి గెలుపు కూడా లేదు. 2014, 2019, 2024 మూడు అసెంబ్లీ ఎన్నికల్లోనూ సీట్లు సున్నా. అయినా అక్కడి నుంచి డెలిగేట్లు ఉన్నారు, ఓటు వేశారు. బ్లాకుకు ఒకరు చొప్పున ఎన్నుకోవాలని మీ నియమావళి. కార్యకర్తలే పలచబడ్డ బ్లాకులో డెలిగేటు ఎవరో ఆ బ్లాకు మనిషికైనా తెలియాలి కదా.

మిగతా పార్టీల సంగతేమిటని మీవాళ్ళు ఎదురడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బీజేపీ అధ్యక్షుడు ఎప్పుడూ ఏకగ్రీవమే. మా ప్రాంతీయ పార్టీల్లో ఎన్నికంటే చప్పట్లు. 2022 జులై ప్లీనరీలో జగన్‌మోహన్ రెడ్డి గారిని వైసీపీ జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకుందన్న వార్తల మీద, ఇది ప్రజాస్వామ్య విరుద్ధమని ఎన్నికల సంఘమే అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. వాళ్ళ దగ్గర జాబితా అడగడానికి ఓటింగే లేదు. మీ దగ్గర ఉంది కాబట్టే అడుగుతున్నాం.

ఫోన్ నంబర్లు వెబ్‌సైట్‌లో పెట్టమనను, అవి అభ్యర్థులకిస్తే చాలు. పేరు, బ్లాకు, జిల్లా, ఎన్నికయ్యారా లేక నామినేట్ చేశారా అన్న ఒక గడి. అభ్యంతరాలకు రెండు వారాల గడువు. 2022లో డెలిగేట్లకు క్యూఆర్ కోడ్ ఉన్న గుర్తింపు కార్డులిచ్చారంటే వివరాలన్నీ కంప్యూటర్లో ఉన్నట్టే, కొత్తగా పోగుచెయ్యనక్కర్లేదు. ఏ తేదీన పెడతారో ఎన్నికల అథారిటీ చేత ఇప్పుడే ప్రకటింపజేయండి.

ఇట్లు,
ఒక తెలుగు ఓటరు