వించ్ పోటీ రూల్సు గురించి మునికి ఉత్తరం

తిరుపతి

ఒరే మునీ,

బాగుండావా? ఇంట్లో పెద్దోళ్లు, పిల్లోళ్లు అందరూ కులాసానే అనుకుంటా. నీ ఉత్తరం అందింది. చిత్తూరు పక్కన ఆ పట్టా భూమిలో, వంకా గుండ్ల తిప్పా కలిసొచ్చేలా ఫోర్ బై ఫోర్ బండ్లకి వించ్ పోటీ (బండి ముందుండే మోటారు డ్రమ్ముకి చుట్టిన తాడుతో బండి తన్ను తానే లాక్కునే పోటీ) పెట్టాలన్న ఆలోచన చాలా బాగుంది. మన పక్క ఈశాన్య రుతుపవనాలకీ వానలు బాగా పడతాయి కదా, నవంబర్ దాటాక పెట్టుకుంటే వంకలో బురద దండిగా ఉంటుంది. రూల్సు కాయితం ఎట్లా ఉండాలో చెప్పమన్నావు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఓపికగా చదువు.

తాడు ఎప్పుడో ఒకప్పుడు తెగుతుందనుకునే రూల్సు రాయాలి. తెగినా మనిషికి తగలకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో, ప్రతి రూలూ దానికి జవాబు కావాలి. "జాగ్రత్తగా నడపవలెను" లాంటి మాటలు కాయితం మీద చోటు తినడానికి తప్ప ఎందుకూ పనికిరావు. ఎవరు యాడ నిలబడాలి, ఏ సామాను ఎన్ని టన్నులది ఉండాలి, తప్పు చేస్తే ఎంత కోత అన్నది అంకెల్లో ఉండాలి.

మొదట తాడు సంగతి. పోటీలోకి సింథటిక్ తాడు ఒక్కదాన్నే రానియ్యి, స్టీల్ కేబుల్ వద్దు. 9,500 పౌండ్ల వించ్‌కి వచ్చే 8 మిల్లీమీటర్ల కేబుల్ తెగే బలం, ఆ వించ్ లాగగలిగే బలం కంటే కాస్తే ఎక్కువ. ఒక్క మెలిక పడి పోగులు విరిగితే ఆ కాస్తా పోయినట్టే. పైగా బరువుగా ఉంటుంది, లాగినప్పుడు సాగి ఆ శక్తినంతా లోపల దాచుకుంటుంది, తెగితే కొరడా మాదిరి వెనక్కి కొడుతుంది. అదే 10 మిల్లీమీటర్ల మంచి సింథటిక్ తాడు కొత్తదైతే ఎనిమిది తొమ్మిది టన్నుల దాకా తట్టుకుంటుంది, బరువు చాలా తక్కువ. అయితే "సింథటిక్ తెగినా ఏం కాదు" అనేవాళ్ల మాట వినొద్దు. తాడు మెత్తనిదే, దాని చివర్న ఉండే కొక్కెం, షాకిల్ (పిన్ను బిగించే U ఆకారం కడియం) ఇనుపవి. ఎగిరొచ్చి తగిలేవి అవే. కాబట్టి ఏ తాడుకైనా సరే మధ్యలో డ్యాంపర్, అంటే తాడు తెగితే ఎగరకుండా అణిచే బరువు దుప్పటి, తప్పనిసరి అని రాయి. డ్యాంపర్ లేకపోతే ఇసక పోసిన గోనెసంచి వాలుగా వేలాడేసినా పనికొస్తుంది. తువ్వాలు కప్పి చేతులు దులుపుకుంటే కుదరదు, దానికి బరువుండదు.

సింథటిక్‌కి శత్రువులు మూడు: రాపిడి, వేడి, ముడి. మన చిత్తూరు గుండ్లు గ్రానైట్, అంచులు గరుకు. తాడు బండ మీద ఒరుసుకుంటే నిమిషంలో పీచు లేస్తుంది. కాబట్టి మొదటి కొన్ని మీటర్లకి తొడుగు ఉండాలి, బండ అంచు మీద పాత టైరు ముక్కో మందపాటి రబ్బరో వెయ్యాలి. వేడి మాత్రం బయటికి కనపడదు. చాలా వించుల్లో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బరువు మీద తాడు కిందికి వదులుతూ పోతే ఆ బ్రేకు వేడెక్కి డ్రమ్ముకి ఆనుకున్న పొర బలహీనపడుతుంది. ఈ పీచు దాదాపు 145 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 70 దాటిన దగ్గర్నుంచే బలం తగ్గుతూ వస్తుంది. అందుకే వాలులో వించ్ మీద బండి దించే స్టేజి (పోటీలో ఒక అంచె) ఉంటే, మీటరు మీటరున్నరకి ఆపి ఆపి దించమని రాయి. ఇక తెగిన తాడుకి ముడేసి నడిపిస్తామంటారు. ముడి వేస్తే సగం బలం పోతుంది. అతుకు వెయ్యాలంటే తాడు చివర తాడు లోపలికే దూర్చాలి, ఆ దూర్చిన పొడుగు తాడు మందానికి 72 రెట్లు, అంటే 10 మిల్లీమీటర్ల తాడుకి 72 సెంటీమీటర్లు ఉండాలి. కొలిచి చూస్తే తెలిసిపోతుంది.

ఫెయిర్‌లీడ్, అంటే వించ్ ముందు తాడు బయటికొచ్చే దారి, కూడా చూడు. ఒకప్పుడు స్టీల్ కేబుల్ తిరిగిన రోలర్ల మీద గీతలుంటాయి, వాటి మీద సింథటిక్ వేస్తే కోసేస్తాయి. నున్నటి అల్యూమినియం ఫెయిర్‌లీడ్ ఉన్న బండినే రానియ్యి. డ్రమ్ము మీద సింథటిక్‌కి కనీసం ఎనిమిది చుట్లు మిగలాలి (స్టీల్‌కైతే అయిదు చాలు). తాడు చివర్ని బిగించిన బోల్టు బరువు మోయదు, ఆ చుట్ల పట్టు మోస్తుంది, సింథటిక్ నున్నగా జారుతుంది కాబట్టి దానికి ఎక్కువ చుట్లు. చివరి ఎనిమిది చుట్లకి ముందు తాడు మీద ఎర్ర రంగు గుర్తు పెట్టించు. ఎరుపు బయటికొస్తే ఆగాల్సిందే.

ఇక లెక్క. వించ్ బలం బండి మొత్తం బరువుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. సామాన్లతో కలిపి 2,200 కిలోల బండికి 3,300 కిలోలు కావాలి, 9,500 పౌండ్లంటే దాదాపు 4,300 కిలోలు, సరిపోతుంది. జిమ్నీ మొత్తం బరువు 1,545 కిలోలు, దానికి అంతకన్నా చిన్నది చాలు, ముందు టైర్ల మీద బరువు తగ్గుతుంది. అయితే డబ్బా మీద రాసిన అంకె డ్రమ్ము మీద మొదటి పొరకే. పొర పెరిగే కొద్దీ బలం తగ్గుతుంది, నాలుగో పొరకి వచ్చేసరికి మూడో వంతు దాకా పోతుంది. కాబట్టి దగ్గర్లో చెట్టుంది కదా అని నాలుగు మీటర్ల తాడుతో లాగేవాడికి బలం తక్కువ, దూరం చెట్టు పట్టుకున్నవాడికి ఎక్కువ.

బురద ఎంత పట్టుకుంటుందో కుర్రోళ్లకి చెప్పాల్సింది ఇదే. టైరు మునిగేదాకా దిగితే దాన్ని పీకడానికి బండి బరువంత లాగుడు కావాలి. ఫెండర్ (మడ్‌గార్డు) దాకా దిగితే రెట్టింపు. అంటే 2,200 కిలోల బండికి 4,400. 9,500 పౌండ్ల వించ్ మొదటి పొరలో కూడా దాన్ని లాగలేదు, మోటారు మాడిపోతుంది. అక్కడ కప్పీ, అంటే స్నాచ్ బ్లాక్, తప్పనిసరి. తాడు చెట్టు దగ్గర కప్పీ చుట్టి మళ్లీ బండి రికవరీ పాయింట్‌కి (చాసిస్‌కి బిగించిన కొక్కేనికి) వస్తుంది, తాడు మీద బరువు సగమవుతుంది, వేగం కూడా సగమవుతుంది. కానీ ఈ సంగతి చాలామంది మర్చిపోతారు: చెట్టు దగ్గర షాకిల్ మీద తాడు బలానికి రెట్టింపు పడుతుంది. వించ్ మొత్తం బలం చూపిస్తే 8,600 కిలోలు. అందరి దగ్గరా ఉండే 19 మిల్లీమీటర్ల బో షాకిల్ రేటు 4.75 టన్నులు. కాబట్టి రెట్టింపు తాడు లాగుడుకి చెట్టు దగ్గర 28 మిల్లీమీటర్లది, 9.5 టన్నుల షాకిల్ ఉండాలని రాయి. షాకిల్ మీద టన్నులు అచ్చు వేసి లేకపోతే తనిఖీలోనే పక్కన పడేయి. పిన్ను చేత్తో పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పమను, లేకపోతే బరువుకి పట్టేసి తర్వాత ఊడదు. పక్కకి లాగినా షాకిల్ బలం తగ్గుతుంది, అడ్డంగా పడితే సగమే మిగులుతుంది.

ఇక చెట్లు. మన రైతుల తోతాపురి మామిడి చెట్టుకి తాడు కట్టనియ్యొద్దు, పంట చెట్టుకి బెరడు లేస్తే ఆ ఏడాదికే కాదు, చెట్టుకే దెబ్బ. చింత, వేప, కానుగ లాంటివి చూసుకో, నడుం కన్నా లావుగా, పచ్చగా ఉండాలి. ఎండిన చెట్టు పైనుంచి కొమ్మ విరిగి లాగేవాడి మీదే పడుతుంది. చెట్టు బెల్టు వెడల్పు 75 మిల్లీమీటర్లకి తగ్గకుండా, పొడుగు కనీసం మూడు మీటర్లు ఉండాలి. చెట్టు మొదట్లో చుట్టి, రెండు కొసల్నీ షాకిల్లో కలపాలి. ఒక కొస ఇంకో కొసలోంచి దూర్చి ఉరి మాదిరి బిగిస్తే బెల్టు బలమూ తగ్గుతుంది, బెరడూ పోతుంది. రెండు కొసల మధ్య కోణం 120 డిగ్రీలకి పోతే ఒక్కో కొస మీదా మొత్తం బరువు పడుతుంది, కాబట్టి బెల్టు పొడుగ్గా ఉంటే మేలు.

వంక ఇసకలో చెట్టుండదు. అక్కడ స్టెప్నీ పూడ్చి పట్టు చేసుకోవాలి. లాగే దిక్కుకి అడ్డంగా మీటరు లోతు గుంట తవ్వి, బెల్టు బయటికి రావడానికి లాగే వైపుకి వాలుగా ఒక కాలవ చెయ్యాలి. కాలవ నిటారుగా తవ్వితే లాగుడు పైకి పడి స్టెప్నీ బయటికి లేచొస్తుంది. గుంట తవ్వుడుకి పోటీదారుకి టైము ఎక్కువియ్యి, తొందర పెడితే అరమీటరు దగ్గరే ఆపేస్తారు.

వించ్ కరెంటు సంగతి నాకు మరీ ముఖ్యం. నిండు బరువు మీద వించ్ 400 ఆంపియర్లకి పైగా లాగుతుంది. ఆల్టర్నేటర్ (ఇంజను మీద కరెంటు తయారు చేసేది) అందులో పావో మూడో వంతో ఇస్తుంది, మిగతాదంతా బ్యాటరీ మీదే. ఒక నిమిషం లాగాక ఆపి, మోటారు ముట్టుకుని చూడాలి, చెయ్యి పెట్టలేనంత వేడుంటే ఆగాలి. దీనికన్నా పెద్ద ప్రమాదం సొలినాయిడ్‌ది, అంటే వించ్‌కి కరెంటు కలిపే స్విచ్చిది. బ్యాటరీ వోల్టేజి పడిపోయినప్పుడు దాని లోపలి కాంటాక్టులు వెల్డయి అతుక్కుంటాయి. బటను వదిలినా వించ్ ఆగదు. కొక్కెం ఫెయిర్‌లీడ్‌లోకి వచ్చి గుద్దుకున్నా లాగుతూనే ఉంటుంది. అందుకే వించ్‌కి విడిగా కరెంటు తెంచే ఐసోలేటర్ స్విచ్చి, డ్రైవరు బెల్టు పెట్టుకుని కూర్చున్న చోటి నుంచి అందేలా, బయటి నుంచి మార్షల్‌కీ (స్టేజి చూసుకునే మనిషికీ) అందేలా ఉండాలి. తనిఖీలో ప్రతి బండికీ ఇట్లా చెయ్యి: తాడు రెండు మీటర్లు వదిలించి వించ్ తిప్పమను, తిరుగుతుండగానే ఐసోలేటర్ తిప్పెయ్యి. మోటారు ఠక్కున ఆగాలి. మెల్లగా ఆగినా, స్విచ్చి బిగుసుకుపోయినా ఆ బండి బరిలోకి రాకూడదు.

మనుషులు యాడ నిలబడాలి? వదిలిన తాడు పొడుగుకి ఒకటిన్నర రెట్ల దూరంలో. 30 మీటర్ల తాడైతే 45 మీటర్లు. ప్రేక్షకులకి స్టేజి మొత్తానికీ ఈ దూరంలోనే రిబ్బను కట్టు, "ఫోటో తీసుకుని వచ్చేస్తా అన్నా" అన్నవాడిని కూడా దాటనియ్యొద్దు. కప్పీతో తాడు మలిపితే ఆ కోణం లోపలి భాగం అన్నిటికన్నా ప్రమాదం, కప్పీ ఊడితే తాడు ఆ లోపలికే ఊడ్చుకుంటూ వస్తుంది. వాలులో ఎక్కుతున్న బండి కింద ఒక్క మనిషి కూడా ఉండకూడదు. బిగిసిన తాడు దాటడం, తొక్కడం, దాని మీద చెయ్యెయ్యడం: ఈ మూడింటికీ ఆ స్టేజి సున్నా. రెండోసారి చేస్తే పోటీ నుంచే బయటికి. ఇందులో మొహమాటం వద్దు రా, నీ సొంత బామ్మర్దైనా సరే.

కో-డ్రైవరు పని వరస కాయితం మీద రాసియ్యి. వించ్ క్లచ్ వదిలి తాడు చేత్తో లాక్కెళ్లాలి, కొక్కేనికి కట్టిన ఎర్ర పట్టీ పట్టుకునే గానీ కొక్కెం పట్టుకుని కాదు, వేళ్లు ఫెయిర్‌లీడ్‌లో పోయేది అక్కడే. బెల్టు, షాకిల్, కొక్కెం, కొక్కెం నోరు ఆకాశం వైపు. క్లచ్ బిగించి, తాడు సాగేదాకా మెల్లగా లాగి, ఆపాలి. ఆ ఆపిన క్షణంలో డ్యాంపర్ వెయ్యాలి, చెట్టు దగ్గర నుంచి బండి దాకా కళ్లతో ఒకసారి చూసి, దూరం జరిగి, అప్పుడు చెయ్యెత్తాలి. వేలు పైకెత్తి తిప్పితే లాగు, కిందికి చూపి తిప్పితే వదులు, పిడికిలి ఎత్తితే ఆపు. లాగమని ఒక్కడే చెప్పాలి. ఆపమని మాత్రం ఎవరైనా చెప్పొచ్చు, మార్షల్, పోటీదారు, గట్టు మీద నిలబడ్డ ముసలాయనైనా సరే, వెంటనే ఆపాలి. లాగేటప్పుడు చక్రాలు తిప్పి సాయం చేస్తే తప్పు లేదు, అయితే టైరు పట్టు దొరికి బండి ముందుకి ఉరికితే తాడు వదులవుతుంది, మళ్లీ బిగిసేటప్పుడు జర్కు కొడుతుంది. సగం తాళ్లు తెగేది ఆ జర్కుకే అని నా గట్టి నమ్మకం. తాడు వదులైతే డ్రైవరు ఆగాలి. జర్కు కోసం సాగే కైనెటిక్ రోపుని వించ్ కొక్కేనికి తగిలిస్తే మాత్రం అక్కడికక్కడే బయటికి పంపించు.

మార్కుల పద్ధతి. మలేషియాలో 1997లో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ అనే ఫోర్ బై ఫోర్ పోటీ 2014లో గోవాలో కూడా వానల్లో మొదలైంది, చిన్న చిన్న స్టేజిలు, ఒక్కోదానికి టైము, తప్పులకి కోత, ఇదే వరస. నువ్వు స్టేజికి నూరు మార్కులు, పది నిమిషాలు పెట్టుకో. రిబ్బను తగిలితే పది, గుంజ పడితే పదిహేను కోసుకో. అయితే భద్రత తప్పులకి మాత్రం చిన్న కోత పనికిరాదు. బెల్టు వెయ్యకుండా తాడు నేరుగా చెట్టుకి చుడితే నిమిషం కలిసొస్తుంది, కోత అయిదు మార్కులే అయితే లెక్క వేసుకుని మరీ తప్పు చేస్తారు. అందుకే సున్నా. ఇంకో మాట, అందరికన్నా ముందు ముగించినోడికి అదనపు మార్కులు పెట్టకు, పది నిమిషాల్లో ముగించినవాళ్లందరికీ నూరు. తొందర తగ్గితే చేతులు కుదురుగా ఉంటాయి.

మిగతావి తొందరగా చెప్తా. రోల్ కేజ్ (బండి బోల్తా పడినా లోపల నలగకుండా కాపాడే ఇనుప చట్రం), సీటు బెల్టు, ఇద్దరికీ హెల్మెట్, మంటలార్పే రెండు కిలోల డ్రై పౌడర్ సిలిండర్ చెయ్యి అందే చోట, బండి ముందూ వెనకా చాసిస్‌కి బోల్టు చేసిన రికవరీ పాయింట్. ట్రైలర్ తగిలించే బంతిని ఎవరూ పట్టుకోనివ్వొద్దు, అది ఊడితే తూటా. 108 అంబులెన్స్ వచ్చి నిలబడేదాకా మొదటి బండి కదలకూడదు, అది ఎవరినైనా తీసుకుని వెళ్తే మళ్లీ తిరిగొచ్చేదాకా స్టేజి ఆపెయ్యి. పెద్ద దెబ్బకి వేలూరు ఆసుపత్రికా, తిరుపతి రుయా ఆసుపత్రికా, దారి ముందే తేల్చుకో. పట్టా భూమి దాటి ఒక్క స్టేజి కూడా వద్దు, శేషాచలం వైపైనా, పలమనేరు కౌండిన్య వైపైనా అడవిలో చక్రం పెడితే కేసే. చెరువు లోపల పెట్టాలంటే ముందు అనుమతి కాయితం కావాలి. బంపరు, వించ్ మార్పులు రోడ్డు మీద చలానాకి దారి తీస్తాయి, దూరం నుంచి వచ్చేవాళ్లని బండి లారీ మీద తెచ్చుకోమను.

స్టేజిల మ్యాపు గీసినప్పుడు ప్రతి స్టేజికీ తాడు కట్టే చెట్టో గుండో, దాని చుట్టూ 45 మీటర్ల వలయం పెన్సిలుతో గీసి పంపు. వలయంలో దారి గానీ, బండ్లు నిలిపే చోటు గానీ, అన్నం పెట్టే షామియానా గానీ పడితే మార్చేద్దాం. వంక పక్కన ఇసక స్టేజికి మాత్రం నేనే వచ్చి చూస్తా, నీళ్లు తగ్గాక ఇసక ఎంత గట్టిపడిందో చూడకుండా చెప్పలేను.

ఇట్లు,
నీ సావాసగాడు