ఆ వింత ఆటకు మన పేరు చెడుగుడు

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో ఏదో ఊహాలోకపు పోరాట ఆట గురించి రెండు పేజీలు వేశారు. ఊరుకుందామని నాలుగు రోజులు చూశాను, నా వల్ల కాలేదు.

రెండు జట్లు, మధ్యన ఒక గీత. ఒక్క యోధుడు మంత్రం జపిస్తూ శత్రువుల కోటలో దూరాలి. ఊపిరి తెగేలోపు ఎవరినైనా తాకి గీత చేరాలి. తాకించుకున్నవాడు చచ్చినట్టు. అవతల ఒకడు చస్తే ఇవతల చచ్చినవాడు లేచొస్తాడు. 'ఇలాంటి ఆట భూమ్మీద లేదు' అని మీ రచయిత ముక్తాయింపు. అయ్యా, దాన్ని చెడుగుడు అంటారు. మంత్రాన్ని కూత అంటారు.

ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పిల్లల చేత ఆ మంత్రమే జపింపజేశాను. దొంగ ఊపిరి తీసే గడుగ్గాయిలు ఉంటారు. 'కబడ్డీ'లో 'డ్డీ' దాటాక సన్నగా ఈల లాంటి చప్పుడు వస్తుంది, అక్కడ పట్టుకోవాలి. ఇప్పుడు టీవీ హోరులో కూత ఎవడికి వినిపిస్తుంది?

1990 బీజింగ్ ఆసియా క్రీడల నుంచి 2014 దాకా పురుషుల బంగారం వరసగా ఏడుసార్లూ మనదే. 2018లో జకార్తాలో ఇరాన్ మనల్ని సెమీస్‌లోనే ఇంటికి పంపితే, ఆ వార్త కోసం మీ పేపరంతా తిరగేయాల్సి వచ్చింది. 2023 హాంగ్‌జౌ ఫైనల్ అయితే మరీ ఘోరం. స్కోరు 28-28. కూతకెళ్లిన మన రైడర్ ఎవరినీ తాకకుండా లాబీలోకి, అంటే బరి పక్కనుండే పట్టీలోకి వెళ్లాడు, వెనకే ఇరాన్ వాళ్లూ వెళ్లారు. అవుటెవరు? పాత రూలా, కొత్త రూలా అని పెద్దలు తేల్చుకోలేక ఆట దాదాపు గంట ఆగింది. 33-29తో మనమే గెలిచాం, సంతోషమే. రూలేదో తెలియకుండా ఫైనల్ ఆడించే అధికారులు ఏ లోకం వాళ్లో మరి!

ఇక్కడి అధికారులు అంతకు నాలుగాకులు ఎక్కువే చదివారు. నేను పనిచేసిన బడికి మ్యాట్ ఇచ్చారు. వాడితే పాడవుతుందని చుట్టచుట్టి స్టోర్ రూములో నిలబెట్టారు. బరి గీసిన చోట తనిఖీకి వచ్చే సార్ల కార్లు ఆగుతున్నాయి. నేను రిటైరయ్యాక నా పోస్టులోకి ఎవరినీ వేయలేదు.

మీ రచయితను ఒక్క సాయంత్రం ఏదైనా మైదానానికి పంపండి. కూతకు మేమే పంపిస్తాం. మోకాళ్ల పూచీ మాత్రం మాది కాదు.

— ఒక మాజీ డ్రిల్లు మాస్టారు