మన తల ఊపు సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారాలు.

విదేశాలకు వెళ్లే ప్రయాణికుల కోసం మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఈమధ్య ప్రచురించిన సూచనలను శ్రద్ధగా చదివాను. ఏ దేశంలో బొటనవేలు చూపకూడదో, ఎక్కడ కాలి మీద కాలు వేసుకుని కూర్చుంటే తప్పుపడతారో, ఎవరికి ఎడమ చేత్తో వస్తువు అందించకూడదో వరుసగా చెప్పిన ఆ వ్యాసం పనికొచ్చేదే. అయితే ఎదుటివారి సైగలను మనం ఎలా అర్థం చేసుకోవాలో అంత వివరంగా చెప్పిన రచయిత, మన సైగలు ఎదుటివారికి ఎలా కనబడతాయన్న దాని గురించి ఒక్క వాక్యమైనా రాయలేదు. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ముప్పయ్యేళ్లకు పైగా పాఠాలు చెప్పి, తెలుగు, ఒడియా, గిరిజన భాష అయిన సవర మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే తరగతుల్లో కాలం గడిపిన నాకు అది చిన్న లోటుగా తోచలేదు.

అన్నిటికంటే ముందు మన తల ఊపు సంగతి. అవునన్నా, సరేనన్నా, వింటున్నాను చెప్పమన్నా, చూద్దాంలే అన్నా, ఆఖరికి పాట బాగుందన్నా మనం తలను ఒక భుజం వైపు నుంచి మరో భుజం వైపుకు వాల్చి ఊపుతాం. నిలువుగా ఊపితే ఒప్పుకోలు, అడ్డంగా తిప్పితే నిరాకరణ అని మనకూ తెలుసు గాని, రోజు మొత్తంలో మనం ఎక్కువగా వాడేది ఈ మూడో ఊపునే. ఇది మన చాదస్తమేమీ కాదు, దీనికి శాస్త్రమే ఉంది. నందికేశ్వరుని నాట్య గ్రంథం అభినయ దర్పణం తొమ్మిది శిరోభేదాలు, అంటే తల కదలికలు, చెబుతూ, అడ్డంగా తిప్పే తలను ధుతమనీ, పైకీ కిందికీ ఆడే తలను కంపితమనీ, వింజామరలాగా రెండు పక్కలకూ ఊగే తలను పరివాహితమనీ వేరుచేసింది. ఆ పరివాహితానికి చెప్పిన వినియోగాలలో సంతోషం, అనుమోదనం ఉన్నాయి. వాటి పక్కనే విచారం, అంటే ఆలోచన కూడా ఉంది. ఒప్పుకోవడానికీ, ఇంకా ఒప్పుకోకుండా ఆలోచించుకోవడానికీ ఒకే ఊపు చాలునని మన పెద్దలే రాసిపెట్టినప్పుడు, పరాయి దేశపు మనిషి దాన్ని చూసి తికమకపడితే తప్పు అతనిది ఎలా అవుతుంది?

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు ఫిట్టరుగా గల్ఫ్‌కు వెళ్లాడు. మొదటి నెలలోనే జరిగిన సంగతి సెలవుకు వచ్చినప్పుడు చెప్పాడు. పైపు ఫ్లాంజికి బోల్టులన్నీ బిగించావా అని అక్కడి ఫోర్‌మన్ అడిగితే, ఇతను మర్యాదగా మన పద్ధతిలోనే తల ఊపాడట. ఆయన మళ్లీ అడిగాడు. ఇతను సరిగ్గా కనబడలేదేమోనని ఇంకా పెద్దగా ఊపాడు. పని తెలియనివాడనో, చేయని పనిని చేశానని నసుగుతున్నాడనో అనుకున్న ఆ ఫోర్‌మన్ అతన్ని ఆ పని నుంచి తప్పించి వారం రోజులపాటు సామాన్లు మోయించాడు. "నోరు విప్పి అవునని ఒక్క మాట అనివుంటే అక్కడికక్కడే తేలిపోయేది మాస్టారూ, కానీ నేను తల ఊపుతున్నానన్న సంగతే నాకు తెలియలేదు" అన్నాడు. అవతలివారు ఏమన్నా ఒప్పుకునేవాణ్ణి గంగిరెద్దులా తల ఊపుతున్నాడని మనం ఎగతాళి చేస్తాం. కానీ ఇతనికి తన తల ఊగుతున్నట్టే తెలియదు, ఆ ఊపు ఏం చెబుతోందో ఫోర్‌మన్‌కు తెలియదు.

మీ వ్యాసం ఊహించిన ప్రయాణికుడు మెడలో కెమెరా వేసుకుని వారం రోజులు ఊళ్లు చూసి వచ్చేవాడు. అటు ఉద్దానం, ఇచ్ఛాపురం, టెక్కలి వైపు నుంచీ, ఇటు మా గంజాం, గజపతి జిల్లాల నుంచీ విమానం ఎక్కేవారిలో వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, తాపీమేస్త్రీలు ఎందరో ఉన్నారు. హోటల్లో వెయిటరును తప్పుగా పిలిస్తే యాత్రికుడికి పోయేది కాస్త పరువు. పని చేసేచోట చేయి తప్పుగా ఊపితే పోయేది అంతకన్నా విలువైనది. క్రేన్ దగ్గర సిగ్నల్ ఇచ్చేవాడికి చేతి సైగలన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. చూపుడువేలు పైకెత్తి చిన్నగా గుండ్రంగా తిప్పితే బరువును పైకి లేపమని. చేయి చాపి బొటనవేలు పైకి పెడితే క్రేన్ బూమ్‌ను, అంటే దాని పొడవాటి చేతిని, లేపమని. చేయి చాపి అరచేయి కిందికి ఉంచి అటూ ఇటూ ఊపితే ఆపమని అర్థం. 'సూపర్' అనే ఉద్దేశంతో బొటనవేలు చూపే అలవాటున్న కుర్రాడు క్రేన్ కింద నిలబడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. నీటి అడుగున డైవింగ్ చేసేవారికి సైతం బొటనవేలు పైకి చూపడమంటే బాగుందని కాదు, పైకి వెళ్దామని అర్థం. ఇరాన్, ఇరాక్‌లలో అదే వేలు పాతకాలం నుంచీ బూతుగా చెల్లుబాటవుతోంది. మన పల్లెల్లో కూడా చివరికి బొటనవేలు చూపించాడంటే మెప్పుకోలేమీ కాదుగా! అది ఏమీ ఇవ్వకుండా ఎగ్గొట్టడం. ఈ వేలికి మెప్పుకోలు అర్థం మనలోనే నిన్నమొన్న వచ్చింది.

మరొక అభ్యంతరం ఉంది. దేశానికి ఒక పేరా చొప్పున సైగలను పంచిపెట్టడం చదవడానికి సులువుగా ఉంటుంది గాని, సైగలు దేశాల పటం చూసుకుని నడవవు. బల్గేరియాలో తల నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా తిప్పితే అవునని అర్థమన్నది మీరు రాసినట్టే చాలామందికి తెలిసిన సంగతి. అల్బేనియాలోనూ ఆ పద్ధతి ఉంది. గ్రీసు, తుర్కియే (టర్కీ)లలో తలను ఒక్కసారి వెనక్కి ఎగరేసి, తరచుగా కనుబొమలు కూడా పైకెత్తి 'లేదు' అంటారు. మనం అదే కదలికను 'ఏంటి సంగతి?' అనడానికి వాడతాం కాబట్టి, లేదని చెప్పినవాణ్ణే మళ్లీ మళ్లీ అడుగుతూ నిలబడతాం. బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త డెస్మండ్ మోరిస్, ఆయన సహచరులు యూరప్‌లో 40 చోట్ల సైగలను పరిశీలించి 1979లో ప్రకటించిన అధ్యయనంలో తేలినదేమిటంటే, ఈ వెనక్కి ఎగరేసే 'లేదు' ఇటలీలో నేపుల్స్‌లో ఉంది, రోమ్‌లో లేదు. ఆ రెండింటి మధ్య ఎక్కడో ఆగిపోయింది. రెండున్నర వేల ఏళ్లకు పూర్వం గ్రీకులు వలసవచ్చి స్థిరపడిన ప్రాంతానికి ఉత్తరపు హద్దు కూడా దాదాపు అక్కడే. రాజ్యాలు ఎన్ని మారినా, భాష మారినా, ఆ తల విసురు మాత్రం తన పొలిమేర దాటలేదన్నమాట.

మా ఊరివారికి ఇది వింతగా తోచదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలై, మా ఊరు ఒరిస్సాలోకి వెళ్లింది, పాతపట్నం తెలుగువైపే ఉండిపోయింది. నాటి నుంచి నేటి వరకు సంతకు వచ్చే మనుషుల తలలు రెండు వైపులా ఒకేలా ఊగుతున్నాయి. తేడాలు లేవని నేను అనను. ఒడియా ఇంటి పెళ్లిలో స్త్రీలు నాలుక ఆడిస్తూ హుళహుళి అనే మంగళధ్వని చేసినప్పుడు మొదటిసారి విన్న కోస్తా చుట్టాలు ఉలిక్కిపడటం చూశాను. పెద్దల ముందు మనవాళ్లు కాళ్లకు చేతులు తాకించి కళ్లకద్దుకుంటే, ఒడియా పిల్లలు నుదురు నేలకు ఆనించి ముండియా మారతారు. అయితే ఈ గీత రాష్ట్రాల మధ్య కాదు, ఇళ్ల మధ్య ఉంది. ఒకే వీధిలో ఉంది.

ఈ జిల్లాలోనే మరో పాఠం నేర్చుకున్నాను. చంద్రగిరి దగ్గర 1963 నుంచి టిబెటన్ల స్థావరం ఉంది. 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారాన్ని చూడటానికి ఇప్పుడు శ్రీకాకుళం, విశాఖపట్నాల నుంచి సెలవు రోజుల్లో జనం వస్తున్నారు గాని, ఆ విహారం లేని రోజుల్లోనే నేను ఒకసారి పిల్లలను అక్కడికి తీసుకెళ్లాను. దారి చెప్పిన ఒక ముదుసలికి నేను దండం పెడితే, ఆమె నడుము వంచి, నాలుక కొంచెం బయటపెట్టి, లోపలికి తీసుకుంది. మా పిల్లల్లో ఒకడు ఏడుపు మొహంతో "మాస్టారూ, ఆవిడ మిమ్మల్ని వెక్కిరించింది" అన్నాడు. పెద్దలను గౌరవంగా పలకరించే పాత టిబెట్ ఆచారం అది. నల్లని నాలుక గల లాంగ్దర్మ అనే క్రూరుడైన రాజు పునర్జన్మ తాను కాదని చూపడానికి నాలుక బయటపెట్టేవారని వారిలో ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గాని, నాలుక చూపడం ఒకచోట వెక్కిరింత, మరోచోట వందనం అన్నది ఆ రోజు నా పిల్లలకు ఏ పుస్తకమూ చెప్పలేనంత బాగా తెలిసింది. గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్లో ఉద్యోగం చేస్తూ సవర భాషను నేర్చుకున్నది కూడా సవరలను ఇంటికి పిలిపించుకుని, వారితో కూర్చుని మాట్లాడే. అప్పటికి ఆ భాషకు లిపీ లేదు.

మీరు వదిలేసినవి ఇంకా కొన్ని ఉన్నాయి. ఆశ్చర్యం వేస్తే మనం ముక్కున వేలేసుకుంటాం. జపాన్‌లో చూపుడువేలితో ముక్కు చూపడమంటే 'నేను' అని. మనవైపు అభయహస్తంగా, ఆశీర్వాదంగా చెల్లే విచ్చిన అరచేతిని గ్రీసులో ఒకరి ముఖం వైపు చాపితే అది పరమ అవమానం. అయిదు ప్లేట్లు కావాలని హోటల్లో చేయి చూపేవారు జాగ్రత్తపడాలి. అయిదు వేళ్లూ ఒకచోట చేర్చి చూపితే మనకు అన్నం గుర్తొస్తుంది; అరబ్బు దేశాల్లో కొంచెం ఆగమని, తుర్కియేలో చాలా బాగుందని, ఇటలీలో అసలు నీకేం కావాలని. స్నేహితులైన మగవాళ్లు చేయీ చేయీ పట్టుకుని నడవడం మనకూ అరబ్బులకూ మామూలే. 2005లో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ సౌదీ యువరాజు అబ్దుల్లా చేయి పట్టుకుని నడిచినప్పుడు ఆయన దేశస్థులే పరాచికాలాడారు. మన పిల్లలు యూరప్‌లో అలా నడిస్తే చూసేవారు వేరే అనుకోవచ్చునని ముందుగా చెప్పి ఉంచడం మంచిది, మానుకొమ్మని చెప్పనవసరం లేదు.

అలాగని భయపెట్టడం నాకు ఇష్టం లేదు. ఎడమ చేయి విషయంలోనూ, కాలి విషయంలోనూ అరబ్బు దేశాలవారికీ మనకూ పెద్ద తేడా లేదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునేవారికి, ఎదుటివారి వైపు చెప్పు అడుగు చూపడం తప్పని వేరే నేర్పాలా? 2008 డిసెంబరులో బాగ్దాద్‌లో ఒక విలేకరి బుష్ మీదికి బూట్లు విసిరినప్పుడు ఆ అవమానం లోతు అమెరికన్లకు వ్యాఖ్యాతలు వివరించి చెప్పాల్సి వచ్చింది, మన ఊరి రచ్చబండకు ఎవరూ చెప్పలేదు. గట్టిగా హెచ్చరించవలసినది ఒక్కటి ఉంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో కోపంతో మధ్యవేలు చూపడం చట్టప్రకారం నేరం; రోడ్డు మీద ఆ పని చేసి కేసుల్లో ఇరుక్కుని, దేశం నుంచి పంపించేయబడినవారు ఉన్నారు. సినిమాలు చూసి నేర్చుకున్న ఆ వేలిని మన కుర్రవాళ్లు ఇక్కడే వదిలి వెళ్లాలి.

కాబట్టి నా విన్నపం ఇది. ఇసిఆర్ (విదేశీ ఉద్యోగానికి ముందస్తు అనుమతి తీసుకోవలసిన) పాస్‌పోర్టు మీద వెళ్లే కార్మికులకు విదేశాంగ శాఖ ప్రయాణానికి ముందు ఒక రోజు శిక్షణ ఏర్పాటు చేస్తోంది. చట్టం, జీతం, ఒప్పందం గురించి చెప్పే ఆ తరగతిలో ఒక అరగంట తల ఊపుకూ చేతి సైగలకూ కేటాయించాలనీ, అది తెలుగులోనూ ఒడియాలోనూ, మాటలతో కాక చేసి చూపించి జరగాలనీ మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను. ఇక మీ వంతుగా, 'ఇతర దేశాల సైగలు' అన్న శీర్షిక పక్కనే 'మన సైగలు' అని మరొకటి మొదలుపెట్టి, మనం ఎలా ఊపుతామో, ఎలా పిలుస్తామో, ఎలా కాదంటామో బొమ్మలతో వేయండి. ఈ ఉత్తరం రాసేముందు మనవడి ఫోన్‌తో నన్ను నేనే వీడియో తీయించుకున్నాను. రేపు బజారుకు వస్తావా అని వాడు అడిగాడు, నేను వస్తానన్నట్టు తల ఊపాను. తర్వాత ఆ వీడియోను మరోసారి చూస్తే, నేను వస్తానన్నానో రానన్నానో నాకే తెలియలేదు. గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి తిరిగొచ్చినవారు మా వీధిలోనే నలుగురున్నారు. మీరు శీర్షిక మొదలుపెడితే వారి అనుభవాలను వారి చేతనే రాయించి పంపే పూచీ నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.