గూఢచారుల మ్యూజియం ఫొటోలు, ఆదివారం మా ఇంట్లో
అందరికీ నమస్కారం. మొన్న రాత్రే అమలాపురం చేరాం. వాషింగ్టన్‌లో మా అబ్బాయి గూఢచారుల మ్యూజియంకి తీసుకెళ్ళాడు. 2002లో పెట్టి, 2019లో కొత్త భవనంలోకి మార్చారట. వెళ్ళగానే మనకో మారుపేరు, ఓ పని అప్పగిస్తారు. పది నిమిషాల్లో నా పేరు మర్చిపోయాను, అక్కడే ఫెయిల్! సోవియట్ కేజీబీ వాళ్ళ లిప్‌స్టిక్ తుపాకీ ఉంది, పేలేది ఒక్కసారే. నన్ను కదలనివ్వనిది మాత్రం ఓ మామూలు బూటు. రొమేనియాలో అమెరికా దౌత్యాధికారులు పోస్టులో బూట్లు తెప్పించుకుంటే, అక్కడి రహస్య పోలీసులు మధ్యలోనే పట్టుకుని, మడమ తొలిచి మైకు, ట్రాన్స్‌మిటర్ పెట్టి పంపేవారట. మనిషే నడిచే రేడియో! అప్పట్నుంచీ మా ఆవిడ నా చెప్పులు తిరగేసి చూస్తోంది. ఆదివారం సాయంత్రం రండి, ఫొటోలు చూపిస్తా. ఆత్రేయపురం మీదుగా వచ్చేవాళ్ళు పూతరేకులు మర్చిపోవద్దు.