స్వరాల మీది చుక్కలు తీసేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో కర్ణాటక సంగీతంలోని వర్ణాలను, కీర్తనలను స్వరలిపితో (స రి గ మ లుగా రాసిన పాఠంతో) సహా వేస్తున్నందుకు సంతోషం. కానీ వాటిలో స్థాయి చుక్కలు ఉండటం లేదు. అక్షరం పైన చుక్క ఉంటే తారస్థాయి (పై స్థాయి), కింద ఉంటే మంద్రం (కింది స్థాయి), ఏదీ లేకపోతే మధ్యస్థాయి. అవి లేని స్వరలిపి చూసి కొత్తవాళ్లు పాడలేరు.

స్థాయి మారినా స్వరం పేరు మారదు. ఒకటో శృతిలో మధ్య షడ్జం, అంటే మధ్యస్థాయి ‘స’, సుమారు 261.6 హెర్ట్జ్ అనుకుంటే, తార షడ్జం దానికి రెట్టింపు, 523.2. వీణ మీద సారణి తీగను (ముఖ్యంగా వాయించే తీగను) పన్నెండో మెట్టు దగ్గర నొక్కితే మోగే భాగం దాదాపు సగమవుతుంది, పలికేది తార షడ్జమే. రెండూ చెవికి ఒకే స్వరంలా కలిసిపోతాయి కాబట్టే పన్నెండు స్వరస్థానాలతో అన్ని స్థాయిలూ నడుస్తున్నాయి. అందువల్లనే ‘స’ అని మాత్రమే రాస్తే ఏ ‘స’ అన్నది తెలియదు.

కొత్తవాళ్లు సాధన చేసే తారస్థాయి వరుసల్లో వచ్చే ‘ద ని స రి స ని ద ప’ చూడండి. రెండు ‘స’ల మీదా, ‘రి’ మీదా చుక్క ఉండాలి. ఆ వరుసలు పాడే మాయామాళవగౌళ రాగంలో ‘ని’, అంటే కాకలి నిషాదం, పై లెక్కన సుమారు 490.5 హెర్ట్జ్. తార షడ్జం అక్కడి నుంచి 33 హెర్ట్జ్ దూరం కూడా ఉండదు. మధ్య షడ్జం మాత్రం దానికి దాదాపు 229 హెర్ట్జ్ కింద ఉంది. చుక్క లేకపోతే పిల్లలు నిషాదం నుంచి అంత లోతుకు దూకేస్తారు. గురువు ఎదురుగా ఉంటే ఆపుతారు, పత్రిక చూసి సాధన చేసేవాళ్లను ఎవరు ఆపుతారు?

పాడటం వచ్చినవారు రాగం నడిచే తీరును బట్టి ఊహించుకుంటారనుకున్నా, అన్ని రాగాల్లో అది కుదరదు. నవరోజు రాగం మంద్ర పంచమంలో (కింది ‘ప’లో) మొదలై మధ్య పంచమం దగ్గర ఆగుతుంది: ప ద ని స రి గ మ ప. మొదటి మూడింటి కింద చుక్కలు లేకపోతే రాగం తెలియనివారు మధ్య పంచమంలో ఎత్తుకుని తారస్థాయికి వెళ్లిపోతారు. స్వరాల పేర్లు ఒక్కటీ తప్పవు, రాగం ఉండే చోటే తప్పిపోతుంది.

చుక్కలు ఎక్కువగా పోయేది డీటీపీ ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు. మిగిలినవి కూడా ‘ని’, ‘రి’ల గుడి మీద పడి కనిపించవు. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాల (స్వరాన్ని ఊపి పలికే తీరుల) గుర్తులతో పాటు స్థాయి చుక్కలూ ఉన్నాయి. సీసపు అచ్చులతో అయిన పని ఇప్పుడూ కావాలి.

అచ్చులో స్వరలిపి భాగాన్ని బొమ్మగా పెడితే చుక్కలు చెదరవు. వెబ్‌సైటులో అక్షరాలుగానే ఇవ్వాలంటే తారానికి స^, మంద్రానికి స_ అని పెట్టి, పాఠం మొదట్లోనే ఆ గుర్తులు వివరించండి. కామా మాత్రం వాడకండి, అది ఒక అక్షరకాలం, సెమికోలన్ రెండు. అక్షరాల పైగీత వేగాన్ని రెట్టింపు చేసే గుర్తు కాబట్టి అదీ పనికిరాదు. చుక్కను అక్షరం పక్కన పెడితే సున్నాలానో, వాక్యం ముగిసినట్టో కనిపిస్తుంది.

ప్రూఫును అక్షరదోషాల కోసం చూసేవారితో పాటు, స్వరం తెలిసినవారు ఒకసారి పాడి చూశాకే అచ్చుకు పంపమని మనవి.

– ఒక కర్ణాటక సంగీత అధ్యాపకురాలు, విజయనగరం