11 రోజులైంది, చిట్టితల్లీ

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం కులాసా. నువ్వు ఫోన్ చేసి 11 రోజులైంది. తప్పు పట్టడం లేదు, ఊరికే లెక్క చెబుతున్నాను. మోడల్ పరీక్షలో నువ్వు సగంలోనే పేపరు ఇచ్చేసి లేచొచ్చావని అన్నయ్య ఏదో అన్నాడు. వాడి మాటలు నేనెప్పుడు పట్టించుకున్నాను గనక! మీ అమ్మకే రెండు రాత్రులుగా నిద్ర లేదు. పక్కన నేనూ మేలుకునే ఉన్నాను కాబట్టి తెలుసు.

అది సరే, లెక్కల్లో ఫంక్షన్లు ఎంతదాకా వచ్చాయి? ఇన్వర్స్ అంటే వచ్చిన విలువ నుంచి వెనక్కి ఎక్స్‌కు తీసుకెళ్ళే ఫంక్షన్ కదా, దాన్ని ఒకటి బై ఎఫ్ అని రాసే అలవాటు పోయిందా? ఎక్స్ స్క్వేర్ మైనస్ 4ఎక్స్ ప్లస్ 7 కనబడితే ముందు దాన్ని ఎక్స్ మైనస్ 2 హోల్ స్క్వేర్ ప్లస్ 3గా మార్చుకో. కనిష్ఠ విలువ 3 అని, రేంజ్, అంటే వచ్చే విలువలన్నీ, అక్కణ్ణుంచి పైకేనని అదే చెబుతుంది. ఇన్వర్స్ అడిగితే మాత్రం డొమైన్, అంటే ఎక్స్‌కు ఇచ్చే విలువలు, తగ్గించుకోవాలి, ఎక్స్ 2 గానీ అంతకు మించి గానీ ఉండేలా. లేకపోతే ఒకే విలువకు రెండు ఎక్స్‌లు వస్తాయి, వెనక్కి ఏ దారిన వెళ్ళాలో తెలియదు. చూశావా, పాఠం చెప్పనని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను!

సగంలో లేవడమంటే గుర్తొచ్చింది. నేనూ ఒకసారి లేచాను. ఎక్స్ ప్లస్ 3 మొత్తానికి రూట్ వేస్తే ఎక్స్ మైనస్ 3కి సమానం, ఎక్స్ ఎంత? రెండు వైపులా వర్గం చేశాను. ఎక్స్ స్క్వేర్ మైనస్ 7ఎక్స్ ప్లస్ 6 ఈక్వల్ టు సున్నా. జవాబులు 1, 6. రెండింటి చుట్టూ గడి గీసి, 25 నిమిషాలు ఉండగానే పేపరు ఇచ్చేసి, మెట్ల మీద కూర్చుని ఈల కూడా వేశాను. చిట్టచివర మీ బాబాయి వచ్చాడు. ‘6’ అన్నాడు. ‘మరి 1 సంగతో?’ అన్నాను. ‘పెట్టి చూశావా?’ అన్నాడు. ఇల్లు చేరేదాకా వాడితో వాదించాను. ఇంట్లో ఎవరూ చూడకుండా పెట్టి చూశాను. ఎడమవైపు రూట్ 4, అంటే 2. కుడివైపు మైనస్ 2. వర్గం చేసినప్పుడు రెండూ 4 అయిపోయి, ఆ మైనస్ గుర్తు కనబడకుండా పోయింది. దొంగ మూలాన్ని నేనే లోపలికి రానిచ్చి గడి కట్టి కూర్చోబెట్టాను! సరిచూడటానికి అర నిమిషం చాలు. మీ తాతయ్యకు ఈ సంగతి చివరిదాకా చెప్పలేదు. ఆయన అడిగుంటే చెప్పేవాణ్ణేమో.

రోజుకు 10 లెక్కలు చాలు, వెనక జవాబులు చూడకుండా. ఎక్స్ స్క్వేర్ ఈక్వల్ టు 5ఎక్స్ వస్తే రెండు వైపులా ఎక్స్‌తో కొట్టేయకు, సున్నా అనే జవాబు పోతుంది. కళ్ళజోడు తుడుచుకుంటున్నావా? మసక అద్దాలతోనే మైనస్‌లు మింగేస్తావు నువ్వు. 11 కల్లా పడుకో.

ఇంతకీ అన్నయ్య చెప్పింది నిజమేనా? నిజమైతే ఏ ప్రశ్న దగ్గర లేచావో అది రాసి పంపు. నువ్వక్కడ, నేనిక్కడ చేద్దాం. మార్కులు అడగను.

మీ నాన్న

ఈ ఉత్తరం బాబాయికి చూపించకు.